సున్నపు తెలుపు

రూపకు పై వరసలో ముందు పన్ను ఊడింది ఆ ఏడు ఉగాది పోయిన మూడోనాడు. అంతకు పదిరోజుల ముందునుంచీ అది కదులుతూనే ఉంది. రూప తల్లి, మా చెల్లెలు మల్లేశ్వరి దాన్ని ఎవరినీ తాకనివ్వలేదు; దానంతట అదే రావాలని పట్టుబట్టింది. చివరికి జొన్నరొట్టె ముక్కలో ఇరుక్కుని, నెత్తురు చుక్కైనా రాలకుండా వచ్చేసింది. నేను ఆదోని నుంచి బస్సులో వచ్చి ఆ ఇంటికి చేరేసరికి, ఏడేళ్ళ పిల్ల వాకిట్లో నిలబడి, అరచేతిలో పన్ను పెట్టుకుని, దారిన పోయేవాళ్ళందరికీ చూపిస్తూ ఉంది.

"మామా, సూడు ఎంత తెల్లగుండాదో."

నిజంగానే తెల్లగా ఉంది, కడిగిన గవ్వలాగా.

మల్లేశ్వరి అత్తగారు భీమక్క కొట్టంలోంచి పిడికెడు ఆవుపేడ తెచ్చింది. ఊడిన పాలపన్నును పేడముద్దలో పొదిగి మిద్దెమీదికి విసిరి, ఎలుకను కొత్త పన్ను అడగడం అక్కడి ఆచారం.

"ఇంత పేడెందుకవ్వా, నా పన్ను ఇంతే గదా?" అంది రూప.

"మా పుట్టిల్లు కైరుప్పలమ్మీ. ఉగాది అయినంక పిడకలతో తలకాయలు పగలగొట్టుకునే ఊరు. పేడ కాడ మేము పిసినారితనం సెయ్యం."

భీమక్క అరవై దాటిన మనిషి. ముద్దను ఒక్క విసురుతో మిద్దె నడుమకు చేర్చి, "ఎలకమ్మా, పాతది నీవు తీసుకో, కొత్తది మా పిల్లకియ్యి" అని మూడుసార్లు చెప్పింది. చేతులు కడుక్కుంటూ, ఎవరినీ చూడకుండా, "అడిగేది అడిగినాము. అయినా మన ఇంటి ఎలకలు గూడా బోరు నీళ్ళు తాగేవే గదా, అవి యాడినుంచి తెస్తాయో తెల్లపండ్లు. మీ అమ్మకు సెప్పి వాటికీ ఒక క్యాను పెట్టించల్ల" అంది.

మల్లేశ్వరి విననట్టే పొయ్యిలోకి కట్టె తోసింది.

ఆ ఇంట్లో రెండు పొయ్యిలు ఉండేవి, ఒకే వసారాలో ఎనిమిదడుగుల ఎడంతో. ఒకదానిమీద భీమక్క బోరు నీళ్ళతో పెద్దవాళ్ళందరికీ వండేది. రెండోదానిమీద మల్లేశ్వరి ఆదోని నీళ్ళతో పిల్లలకు వేరుగా వండేది. అత్తాకోడళ్ళ నడుమ మాట పెళుసుబారింది ఆ రెండో పొయ్యి వెలిసిన నాటినుంచే. అది వెలియడానికి కారణం నేను.

ఆ ఊరు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డుకు మూడు కిలోమీటర్లు లోపల ఉంది. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళు ముప్పై ఏళ్ళకే గోధుమరంగు చారలు పడి, అంచులు పెళ్ళలు రాలి ఉంటాయి. బోరు నీళ్ళలోని ఫ్లోరైడు అందుకు కారణమని ఊరందరికీ తెలుసు. నీళ్ళు శుద్ధిచేసే యంత్రం ఒకటి ఎనిమిది నెలలు నడిచి ఆగిపోయింది. దాని రేకుల షెడ్డులో ఇప్పుడు జొన్నచొప్ప దాస్తున్నారు. మల్లేశ్వరీ నేనూ ఆదోనిలో తుంగభద్ర కాలవ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం. రూపకు మూడున్నర ఏళ్ళప్పుడు ఆమె నన్నడిగింది: "నీవు సదివినోడివన్నా. ఈ పిల్లనన్నా తప్పించే దారి లేదా?" నేను నా దగ్గరున్న వైద్య పుస్తకమొకటి తీసి చూశాను. పెద్ద పళ్ళు ఆరో ఏటినుంచి వస్తాయని ఉంది. ఇంకా రెండున్నర ఏళ్ళ వ్యవధి ఉందనీ, అప్పటిదాకా ఆ పిల్ల నోట బోరు నీటి చుక్క పడకుండా చూసుకుంటే వచ్చే పళ్ళు మచ్చలేకుండా వస్తాయనీ చెప్పాను. నా లెక్కలో నాకు సందేహం కలగలేదు.

ఆ మాటమీద ఆ ఇల్లు మూడున్నర ఏళ్ళు నడిచింది. మల్లేశ్వరి భర్త తిరుపాల్ ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేసేవాడు. ప్రతి సాయంత్రమూ నా గదికి వచ్చి, నేను పట్టి ఉంచిన కొళాయి నీళ్ళు ఇరవై లీటర్ల క్యానులో నింపుకుని, మోపెడ్‌కు కట్టుకుని తీసుకుపోయేవాడు. రూప మెడలో ఎప్పుడూ ఒక సీసా వేలాడేది. బడిలో మధ్యాహ్నం అందరూ బంతిలో కూర్చుంటే ఆ పిల్ల వరండా చివర ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా తెరిచేది. గుళ్ళో తీర్థం తీసుకోదు. పెళ్ళిళ్ళలో విస్తరి ముందు కూర్చోదు. పక్కింటి హుసేనమ్మ ప్రేమగా ఇచ్చిన పాయసం చేత్తో పట్టుకుని, ఇంటికి తెచ్చి, అవ్వకు ఇచ్చేసేది.

కింది వరస ముందు పళ్ళు రెండూ అంతకు ముందు ఏడే వచ్చాయి. చెప్పుకోదగ్గ మచ్చ లేదు. దాంతో మల్లేశ్వరికి గుండె నిబ్బరం పెరిగింది. అయితే మనిషి నవ్వితే బయటపడేవి పైవి. ఆ వేసవి ఆమె కళ్ళన్నీ వాటిమీదే ఉన్నాయి.

నేను బస్సుకోసం బయలుదేరుతుంటే రూప వీధి చివరిదాకా వెంట వచ్చింది.

"కొత్త పన్ను వచ్చినంక ఇస్కూల్లో అన్నం తినొచ్చు గదా మామా?"

"తినొచ్చు."

"గుడ్డు గూడా?"

"గుడ్డు కూడా."

"హుసేనమ్మత్త వాళ్ళింట్లో నీళ్ళు?"

"అన్నీ."

ఖాళీ అయిన చిగురును నాలుకతో తడుముకుంటూ పిల్ల వెనక్కు తిరిగింది.

*

ఉగాది దాటితే ఆదోని మిల్లులకు పత్తి రావడం పలచబడుతుంది. ఏప్రిల్ నడిమికి తిరుపాల్ పనిచేసే మిల్లు మూసేశారు. మళ్ళీ తెరిచేది దసరాకు. అతను ఊళ్ళోనే ఉపాధి పనికి చెరువు మట్టి తవ్వడానికి పోసాగాడు. ఆదోనికి రావడం నాలుగు రోజులకొకసారి అయింది. పట్నంలో కొళాయి కూడా అంతే, నాలుగు రోజులకొకసారి. రోజుకొక క్యాను పోయిన ఇంటికి నాలుగు రోజులకొక క్యాను పోసాగింది.

అప్పటికి ఆ ఇంట్లో ఇంకో బిడ్డ ఉన్నాడు. విజయ్‌కు ఎనిమిది నెలలు. వాడి అయిదో నెలలో మల్లేశ్వరికి కామెర్లు వచ్చి పాలు ఎండిపోయాయి. పాలపొడీ రాగిజావా వాడి ఆహారం. అంతవరకూ వాడివి కూడా ఆదోని నీళ్ళతోనే కలిపేది.

వాడికి టీకా వేయించడానికి ఆదోని వచ్చినరోజు ఆమె నా గదికి వచ్చింది. పిల్లవాణ్ణి నేలమీద బట్ట పరిచి పడుకోబెట్టి, అచ్చుకాగితాలు వాడి చేతికి అందకుండా పక్కకు జరిపింది. అచ్చుకు పోయే పుస్తకాల్లో తప్పులు దిద్దడం నా పని. ఆ గది నిండా అవే.

"క్యాను ఇద్దరికీ సాలడంలేదన్నా. నిన్న రూప సీసాలోకి అడుగున నాలుగు వేళ్ళంతే మిగిలినాయి. ఎవరికి తగ్గించమంటావు?"

నేను ఆలోచించే చెప్పాను.

"వీడికి ఇంకా పాలపళ్ళే రాలేదు. వచ్చినా అవి ఊడిపోయేవే. పెద్ద పళ్ళకు ఇంకా అయిదేళ్ళు పైన ఉంది. రూపకు ఇప్పుడే వస్తున్నాయి. ఇన్నాళ్ళు కాపాడి ఈ రెండు నెలల్లో పోగొట్టుకోకూడదు. నీళ్ళు రూపకు ఉంచు."

"మరి వీనికి?"

"బోరు నీళ్ళే కాచి ఇవ్వండి. క్రిములు లేకుండా ఉంటే చాలు."

ఆమె ముఖం తేటపడింది. ఎవరో ఒకరు తేల్చి చెప్పడమే ఆమెకు కావలసింది. పిల్లవాణ్ణి ఎత్తుకుని, "ఇంగేమప్పా, మీ అవ్వ పొయ్యికాడికి పో నీవు. రొంతన్నా సంతోషపడతాది" అంది వాడితో.

భీమక్క సంతోషపడిన మాట నిజం. చంటిపిల్లల నీళ్ళు ఎలా కాచాలో ఆమెకు తెలుసు. మూడు చెంబులు పోస్తే ఒకటిన్నర మిగలాలి, అంతకు ఒక్క గుక్క ఎక్కువున్నా పిల్లలకు అరగదని ఆమె నమ్మకం. పొద్దున్నే లేచి, కంపకట్టెలు సన్నగా విరిచి పెడుతూ, అవి సగానికి మరిగేదాకా పొయ్యి ముందునుంచి కదిలేది కాదు. "నా పొయ్యి కాడికి ఒగ మనమడన్నా వచ్చినాడు" అని హుసేనమ్మకు చెప్పుకుంది. ఆ తర్వాత నేను పోయినప్పుడల్లా ఆ నీళ్ళు రాగిచెంబులో తెల్లబట్ట వాసెన కట్టి ఉండేవి. అంత శుభ్రంగా ఆ ఇంట్లో మరే వస్తువూ ఉండేది కాదు.

*

ఏప్రిల్‌లో రూపకు రెండో ముందు పన్ను కూడా ఊడింది. మే నెల చివరి వారంలో మల్లేశ్వరి ఫోను చేసింది.

"వచ్చింది అన్నా. రెండూ వచ్చినాయి. తెల్లగా వచ్చినాయి."

ఫోను పెట్టేయకుండా అదే మాట ఇంకో రెండుసార్లు చెప్పింది.

నేను పోయేసరికి ఇల్లంతా బెల్లం పాకం వాసన. రెండో పొయ్యిమీద ఓళిగలు కాలుతున్నాయి. వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరారు. రూపను అరుగుమీద నిలబెట్టి వచ్చినవాళ్ళందరికీ నోరు తెరిపిస్తున్నారు. పిల్ల విసుగులేకుండా, పెదవి వేలితో పైకెత్తి పట్టుకుని మరీ చూపిస్తోంది.

"పగడాల పక్కన ముత్యాలు పెట్టినట్లుండాది సూడు," అంది హుసేనమ్మ. "మల్లీ, నీ మాట నెగ్గింది. మా ఇంట్లో పుట్టేదానికి నీవే పొయ్యి పెట్టియ్యల్ల."

"ముందు పెండ్లి సేసుకోమను నీ కొడుకును. పన్ను సంగతి తర్వాత."

భీమక్క కూడా వచ్చింది. మనవరాలి గడ్డం కింద చెయ్యి వేసి ముఖం వెలుగుకు తిప్పుకుంది. చూసింది. చేయి వదిలేసి, "సల్లగుండు తల్లీ" అని కొట్టంలోకి వెళ్ళిపోయింది. ఆ రోజంతా ఆమె నోటినుంచి ఒక్క ఎత్తిపొడుపు మాట రాలేదు. కోడలు ఓళిగ పెడితే మాట్లాడకుండా తిని, ఇంకొకటి అడిగి పెట్టించుకుంది. ఓడిపోయిన మనిషి పెద్దరికం కాబోలు అనుకున్నాను.

నేనూ చూశాను. తెల్లగా ఉన్న మాట వాస్తవమే. చిగురు దాటి గోరంత బయటికి వచ్చాయి. కాని ఆ తెలుపులో నిగారింపు లేదు. పక్కన ఇంకా ఊడకుండా ఉన్న పాలపన్ను తడి తడిగా మెరుస్తుంటే, ఇవి పండక్కి సున్నం కొట్టిన గోడలాగా పొడిగా, మందంగా ఉన్నాయి. కొత్త పళ్ళు అలాగే ఉంటాయేమో అనుకున్నాను. అనుకోవడానికే ఇష్టపడ్డాను.

తిరుపాల్ ఇంటి వెనక మోపెడ్ తుడుస్తున్నాడు. పండగ ఇంట్లో అతను ఒక్కడే వెనక ఉండడం నాకు వింతగా తోచి అటు నడిచాను.

"ఓళిగ తినలేదా?"

"తింటా బావా." గుడ్డ పిండి, మళ్ళీ అదే చోట తుడిచాడు. "నాకు గూడా ఇట్లే వచ్చినాయి."

"ఏవి?"

"పండ్లు. సున్నం కొట్టినట్ల. మా యమ్మ నన్ను గూడా ఇట్లే అరుగుమీద నిలబెట్టింది. నాలుగో తరగతిలో ఫోటో తీసినారు, దాంట్లో తెల్లగనే ఉండాయి. ఏడో తరగతి ఫోటోలో నోరు మూసుకోనుండా."

లోపలినుంచి ఆడవాళ్ళ నవ్వు వినిపించింది.

"మల్లేశ్వరికి చెప్పలేదా?"

"మూడున్నరేండ్లు నీళ్ళు మోసినా బావా," అన్నాడు తిరుపాల్. "నా నోటితో నేనెట్ల సెప్పేది."

*

బడి సంచి కొనిపెడతానని చెప్పి రెండు రోజుల తర్వాత రూపను ఆదోని తీసుకువచ్చాను. సంచి కొన్నాం. ఆ తర్వాత పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాం. చిన్న వయసు అమ్మాయి, ఓర్పున్న మనిషి. రూప నోట్లో అద్దం పెట్టి చూసి, ఎక్స్‌రే తీయించి, దాన్ని తెరమీద నాకు చూపించింది. వచ్చిన పళ్ళకు పైన, దవడ ఎముక లోపల, రాబోయే పళ్ళన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. అన్నీ అప్పటికే ఉన్నాయి.

"పెద్ద పళ్ళు ఆరేళ్ళకు వస్తాయంటే, ఆరేళ్ళకు తయారవుతాయని కాదు సార్. బిడ్డ పుట్టినప్పటినుంచీ లోపల తయారవుతూనే ఉంటాయి. ఈ ముందు పళ్ళ పైపూత పాడైతే మూడేళ్ళలోపే పాడవుతుంది. ఆ తర్వాత ఏ నీళ్ళు తాగినా వీటికి తేడా ఉండదు. ఈ సుద్ద తెలుపు రెండు మూడేళ్ళలో రంగు తిరుగుతుంది. నీళ్ళు ఎప్పుడు మార్చారన్నారు?"

"మూడున్నర ఏళ్ళప్పుడు."

ఆమె తల ఊపింది. కొంచెం ఆలోచించి, "వెనక దవడ పళ్ళు కొన్ని బాగుంటాయి సార్. పదేళ్ళు దాటాక వస్తాయి. వాటికి మీ నీళ్ళు పనికొచ్చాయి" అంది.

"నవ్వితే అవి కనపడతాయా?" అని అడిగింది రూప, కుర్చీలోంచి.

"బాగా పెద్దగా నవ్వితే కనపడతాయమ్మా."

పిల్ల అక్కడికక్కడే పెద్దగా నవ్వి చూసుకుంది, చేతిలోని అద్దంలో.

కింది పళ్ళు మచ్చలేకుండా ఎందుకు వచ్చాయని అడిగాను. అవి మరీ ముందు, తల్లిపాలు తాగే రోజుల్లోనే చాలావరకు తయారైపోతాయనీ, తల్లిపాలలో ఈ దోషం దాదాపు ఉండదనీ చెప్పింది. అప్పుడు నేను అడగవలసిన ప్రశ్న అడిగాను. పది నెలల పిల్లవాడు ఉన్నాడనీ, తల్లిపాలు లేవనీ చెప్పాను.

"వాడికి ఇప్పుడే సార్. ఇక్కణ్ణుంచి మూడేళ్ళు నిండేదాకా. మంచినీళ్ళు ఒక్కరికే సరిపోతాయంటే ఆ చిన్నవాడికి ఇవ్వండి, పాపకు కాదు. కాస్తే పోతుందనుకుంటారు అందరూ. పోదు. నీళ్ళు ఇగిరేకొద్దీ ఉన్నది చిక్కబడుతుంది."

గదికి వచ్చాక రూపకు పెరుగన్నం పెట్టి, పుస్తకం తీశాను. మూడున్నర ఏళ్ళ కిందట నేను చదివిన పుట గుర్తు పెట్టిన కాగితం ఇంకా దాంట్లోనే ఉంది. పుట తిప్పాను. దాని వెనకవైపే పట్టిక ఉంది: ఏ పన్ను ఏ నెలలో మొదలై ఏ ఏట ముగుస్తుందో, పైవీ కిందివీ విడివిడిగా, స్పష్టమైన అచ్చులో.

*

మర్నాడు రూపనూ, ఒక క్యాను నీళ్ళనూ తీసుకుని బస్సెక్కాను. రోడ్డుమీదినుంచి ఆటో దొరికింది. మల్లేశ్వరి వసారాలో చింతపండు గింజలు తీస్తూ ఉంది. రూప కొత్త సంచి భుజాన వేసుకుని హుసేనమ్మకు చూపించడానికి పరుగెత్తింది. నేను కూర్చుని, ఏదీ దాచకుండా, డాక్టరు చెప్పిన క్రమంలోనే అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. గింజ ఒక చాటలోకి, పండు ఒక చాటలోకి పోతూనే ఉన్నాయి.

"అంటే నీవు నాకు సెప్పేతాలికే అయిపోయినాదన్నమాట."

"అయిపోయింది."

"పాలు మానిపిచ్చి జావ పెట్టినప్పుడే."

"తెలియక చెప్పాను మల్లీ."

"తెలిసి సెప్పినావని నేనన్లేదు గదన్నా."

రెండో చాట పక్కన విజయ్ బోర్లా పాకుతూ చింతగింజలకోసం చెయ్యి చాపుతున్నాడు. ఆమె కాలితో చాటను దూరంగా నెట్టింది.

"ఇప్పుడు నీళ్ళు వీడికి కావాలి," అన్నాను. "ఈ క్యాను వీడికే. రూపకు ఇక అవసరం లేదు. రెండు రోజులకొకసారి నేనే తెచ్చి ఇస్తాను."

"నెలన్నర కిందట వీనికి వద్దు, రూపకే అంటివి."

"అన్నాను. అది తప్పు."

"అప్పుడు గూడా ఆలోసన సేసే సెప్పినావు. నేను సూస్తానే ఉంటిని." ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు మాట్లాడడానికి ఏదైనా దొరికేది. "ముందు రూపకు పెట్టు అంటివి. పెట్టినా. వీనికి మానిపియ్యి అంటివి. మానిపిచ్చినా. ఇప్పుడు రూపకు మానిపిచ్చి వీనికి పెట్టమంటావు. వీనికి ఏడేండ్లు వచ్చేతాలికి ఇంగొక పేజీ సదివి ఇంగొకటి సెప్తావు. అది గూడా నిజమే అయ్యింటాది."

"ఈసారి డాక్టరు చెప్పింది. మూడేళ్ళే మల్లీ."

"అప్పుడు రెండున్నరేండ్లే అన్నావు." చేతిలోని చింతపండు పక్కన పెట్టి, మొదటిసారి నావైపు చూసింది. "ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి ఒగరింట్లో నీళ్ళు తాగలేదన్నా. గుళ్ళో పూజారి ముందర సెయ్యి సాపలేదు. ఇస్కూల్లో దాన్ని ఏమంటారో తెలుసునా, 'సీసా రూప' అంటారు. దానికీ వానికీ ఒకేపారి నేను సెయ్యలేను. నాకు సాతకాదు."

భీమక్క పొయ్యి దగ్గరినుంచి మా మాటలన్నీ విన్నది. విన్నట్టు కనబడనివ్వలేదు. కాచిన నీళ్ళమీద బట్ట సవరించి కట్టింది.

సాయంత్రం బస్సు దగ్గర తిరుపాల్‌తో మాట్లాడాను. అతను నా మాట నమ్మాడు; అతనికి నమ్మడం కష్టం కాలేదు. కాని, "అది వద్దంటే నేనేం సేసేది బావా. మొన్నటి దాకా నేను నీళ్ళు తెస్తి, అది వండె. ఇప్పుడు నేను తెచ్చినా పిల్లోని నోట్లో పోసేది అదే గదా" అన్నాడు.

అయినా నేను తీసుకుపోయాను. రెండు రోజులకొకసారి, మూడుసార్లు. ఆటో దొరకని ఒకరోజు ఆ మూడు కిలోమీటర్లూ చేతులు మార్చుకుంటూ మోశాను. మూడోసారి పోయేసరికి మొదటి క్యాను మూత కూడా తీయకుండా గోడవార ఉంది. రెండోది దానిపక్కన. మల్లేశ్వరి నాకు మజ్జిగ ఇచ్చింది. నా చొక్కా చెమటకు తడిసి ఉంటే విసనకర్ర ఇచ్చింది. "ఎందుకన్నా ఈ ఎండలో" అంది. క్యాన్ల ఊసెత్తలేదు.

రెండో పొయ్యి తీసేశారు. అది ఉన్న చోట పేడతో అలికి ముగ్గు వేసి ఉంది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ ఇల్లు ఆ జూన్ నెలలో ఉన్నంత నెమ్మదిగా నేను ఎన్నడూ చూడలేదు. అత్తాకోడళ్ళు ఒకే పళ్ళెంలో ఉల్లిపాయలు తరుగుతూ హుసేనమ్మ కొడుకు పెళ్ళిచూపుల గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవారు. బడి తెరిచాక రూప బంతిలో కూర్చుని గుడ్డు తిన్నది. మర్నాడు ఇంకొకరి గుడ్డు కూడా తిన్నదని టీచరమ్మ కబురు చేసింది. ఊళ్ళో ఏ ఇంటికి పోతే ఆ ఇంట్లో నీళ్ళడిగి తాగింది, దాహం ఉన్నా లేకున్నా. సాయంత్రం వచ్చి ఎవరింటి నీళ్ళు ఎలా ఉన్నాయో అవ్వకు అప్పజెప్పేది.

"అన్నీ ఒకే బోరు నీళ్ళే గదమ్మీ."

"కాదవ్వా. హుసేనమ్మత్తవాళ్ళవి తియ్యగుంటాయి."

ఆ నవ్వుల నడుమ నేను విజయ్ మాట ఎత్తడం క్రమంగా తగ్గించాను. తర్వాత మానేశాను. వానలు రాలేదు.

*

జూన్ చివర ఒక పొద్దున తిరుపాల్ ఫోను చేశాడు.

"బావా, పిల్లోనికి పన్ను వచ్చింది. మా యమ్మ నిన్ను బిరీన రమ్మంటాంది. నేరుగా వాని మొగం సూడొద్దంట."

"ఎందుకు?"

"పైది వచ్చింది. ముందు పైది."

బిడ్డకు కింది పన్నుకంటే ముందు పై పన్ను మొలిస్తే మేనమామకు ప్రాణగండమని ఆ వైపు అందరి నమ్మకం. మేనమామ ఆ పన్నును ముందుగా నూనెలో నీడ చూడాలి. ఆ తర్వాతే బిడ్డను ఎత్తుకోవాలి. నాకు అటువంటి నమ్మకాలు లేవు. కాని పోకుండా ఉండలేకపోయాను.

మల్లేశ్వరి వీధి గుమ్మంలోనే ఎదురు నిలిచింది. ముఖం వడిలిపోయి ఉంది. నిన్న పొద్దున పన్ను కనబడినప్పటినుంచీ పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదట. నన్ను మెట్టుమీదే ఆపి, తడి తువ్వాలుతో నా కళ్ళకు గంతలు కట్టింది.

"ఏం కాదు మల్లీ. ఇదంతా..."

"నీవు మాట్లాడొద్దన్నా. మెట్టు ఉండాది, సూసుకో."

మోచేయి పట్టుకుని వసారాలోకి నడిపించి పీటమీద కూర్చోబెట్టింది. గంతలు విప్పేసరికి నా ఒడి ముందు కంచుపళ్ళెం, దాని నిండా నువ్వులనూనె. కొత్త తువ్వాలు, టెంకాయ, తమలపాకులు. ఏ లోటూ లేకుండా అన్నీ అమర్చి ఉన్నాయి. భీమక్క నా వెనక నిలబడి, పిల్లవాణ్ణి నా భుజం మీదుగా పళ్ళెంపైకి వంచి పట్టుకుంది.

"తలెత్తొద్దు దేవేంద్రప్పా. నూనెలోకే సూడు."

నూనె ముందు కదిలింది. తర్వాత నిలిచింది. దాంట్లో ఒక గుండ్రటి ముఖం తేలింది. రూప పక్కనుంచి ఏదో వెక్కిరింత చేసినట్టుంది, వాడు నోరంతా తెరిచి నవ్వాడు. పై చిగురు నడుమ, కొంచెం పక్కకు, పన్ను కనబడింది. చిన్నది, తడిగా, నిగనిగలాడుతూ ఉంది. అంత స్వచ్ఛమైన వస్తువును నేను ఆ ఇంట్లో చూడలేదు. దాని వెనక ఎముకలో తయారవుతున్నది నూనెలో కనపడదు.

"సూసినావా?"

"చూశాను."

మల్లేశ్వరి టెంకాయ నా తలచుట్టూ మూడుసార్లు తిప్పి గడపమీద కొట్టింది. తిరిగి వచ్చి నూనెలో వేలు ముంచి నా మాడుమీద అద్దింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, తేలికపడిన ముఖంతో అంది:

"ఇంగ నీకేం కాదులే అన్నా."

తర్వాత పిల్లవాణ్ణి నా ఒడిలో కూర్చోబెట్టారు. వాడికి ఆకలి వేళ అయింది. భీమక్క కాచిన నీళ్ళ చెంబుమీది బట్ట విప్పి ఇచ్చింది. మల్లేశ్వరి వాటితో రాగిజావ పలచన చేసి, చెంచాడు తీసుకుని, ఊది ఊది చల్లార్చి, వాడి నోట్లో పెట్టింది. కొత్త పన్ను వెండి చెంచాకు తగిలి టిక్కుమంది.

అందరూ ఒక్కసారి ఆగి, నవ్వారు. ఆ చప్పుడు మళ్ళీ వినాలని రూప ఇంకో చెంచా పెట్టమంది. తిరుపాల్ కూడా ముందుకు వంగాడు. వాడు కదలకుండా నేను పట్టుకున్నాను. ఆమె ఇంకో చెంచా పెట్టింది.